పదిహేడో చుట్టు

ఈ అనుభవం చెప్పే ముందు నేను ఏ పక్షాన ఉన్నానో చెప్పడం న్యాయం. డిగ్రీ చదివిన మూడేళ్లూ డిబేట్ పోటీలకు వెళ్లాను. ఆత్మలు ఉన్నాయా లేవా అన్న అంశం ఎక్కడ ఇచ్చినా లేవన్న వైపే అడిగి మరీ నిలబడేదాన్ని. ఒకసారి చీటీ తీస్తే ఉన్నాయన్న వైపు వచ్చింది. నమ్మనిదాన్ని కప్పు కోసం వాదించడం ఇష్టంలేక పోటీ మానుకుని ఇంటికి వచ్చేశాను. మా లెక్చరర్ గారు నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మనిషి భయపడ్డాడన్నది నిజం కావచ్చు గానీ, అతని భయం దేనికీ రుజువు కాదని నా వాదం. దుఃఖానికీ ఇదే సూత్రం. పోయినవాళ్లు వచ్చారనుకోవడంలో బతికున్నవాళ్లకు ఓదార్పు ఉంటుంది కాబట్టి, అటువంటి సాక్ష్యాన్ని రెండింతలు అనుమానించాలి. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

అయితే నరసాపురంలో ఒక మధ్యాహ్నం, పట్టపగలు, ముప్పై మందికి పైగా ఉన్నచోట జరిగినదానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. నా వాదానికి పనికొచ్చేవీ పనికిరానివీ వడపోయకుండా, జరిగిన క్రమంలోనే రాస్తున్నాను.

మా తాతయ్య, అంటే అమ్మకు నాన్నగారు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. పేరు దైవసహాయం. డెబ్బై ఆరేళ్లు. రాజమండ్రిలో మాతోనే ఉంటారు. రెండేళ్ల కిందట చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గింది. ఎడమచేతి వేళ్లు కొంచెం నెమ్మదించాయి. మనుషుల పేర్లు కాస్త ఆలస్యంగా గుర్తొస్తాయి. పంతొమ్మిదో ఎక్కం మాత్రం ఇప్పటికీ కిందినుంచి పైకి ఆగకుండా చెబుతారు.

వేళ్లలో పట్టు రావడానికి ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమంది. తాతయ్య బంతి పక్కనపెట్టి, "గిటారుంటే తెప్పించండమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నవ్వింది. అమ్మ కూడా నవ్వి, తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. మెదడుకి ఏమైనా అయిందేమోనని అమ్మ భయం. అప్పటిదాకా తాతయ్య చేతిలో సుద్దముక్క తప్ప ఇంకొకటి చూసినవాళ్లం కాదు.

మా తమ్ముడి గిటారు ఇచ్చాం. తీగలు సరిచేసుకోవడానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత పది నిమిషాలు వాయించారు, అమ్మ గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

అలా తెలిసింది, మా లెక్కల మాస్టారు ఒకప్పుడు రాక్ బ్యాండులో గిటారు వాయించారని.

డెబ్బైల మొదట్లో నరసాపురంలో నలుగురు కాలేజీ కుర్రాళ్లు ఒక బ్యాండు పెట్టారు. పేరు 'ది రెడ్ వాటర్స్'. వరద మొదలయ్యాక గోదావరిలోకి దిగే కొత్త ఎర్రనీళ్లను తలుచుకుని పెట్టుకున్న పేరు. ఊళ్లోవాళ్లు ఆ ఇంగ్లీషు పలకలేక ఎర్రనీళ్ల కుర్రాళ్లు అనేవారట. గిటారు వాయిస్తూ పాడేదీ, పాట కట్టేదీ ఆనంద్. రెండో గిటారు తాతయ్యది. డ్రమ్స్ వాయించే రాజుగారబ్బాయికి సొంత రైసుమిల్లు ఉండేది కాబట్టి ఆదివారం మిల్లు ఆగినప్పుడు అక్కడే సాధన. నాలుగో ఆయన పోస్టుమాస్టరుగారబ్బాయి. ఆ నలుగురిలో ఇవాళ మిగిలింది తాతయ్య ఒక్కరే.

షార్ట్‌వేవ్ రేడియోలో గరగరల మధ్య వినపడినవి, విశాఖ ఓడరేవులో పనిచేసే బంధువు ఒక నావికుడి దగ్గర కొని తెచ్చిన రెండు రికార్డులు, ఇవే వాళ్ల విశ్వవిద్యాలయం. ఆ రికార్డుల్లోలా గిటారు శబ్దం చిరిగినట్టు రావాలంటే ఏంచేయాలో తెలియక, స్పీకరు లోపలి అట్టను బ్లేడుతో కోశారు. శబ్దం నిజంగానే చిరిగింది. ప్రతిధ్వని కోసం, వడ్లు నానబెట్టే ఖాళీ సిమెంటు తొట్టిలోకి తాడు కట్టి మైకు దింపేవారు. గాజు పళ్లెంలో కొబ్బరినూనె పోసి, రంగు సిరాలు చుక్కలుగా వేసి, కింద బల్బు పెట్టి, గోడ మీద రంగులు కదిలేలా చేసేవారు. పూల చొక్కాలు కిటికీ తెరల గుడ్డతో కుట్టించుకున్నారు. కొనేటప్పుడు చూసిన షాపు గుమాస్తా, కిటికీలెన్నండీ అని అడిగాడట.

కాలేజీ వార్షికోత్సవంలో మొదటి ప్రదర్శన. ఆ చిరిగిన శబ్దం వినగానే మైకుసెట్టు అతను పరుగున స్టేజీ ఎక్కి, తన స్పీకర్లు పాడైపోతున్నాయని తీగలు పీకేశాడు. కరెంటు లేని గిటార్లతో నలుగురూ నిలబడి ఉంటే ముందు వరసలో ఉన్న పెద్దాయన ఒకరు, "అయిపోయిందాండి?" అని మర్యాదగా అడిగారట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా తాతయ్య నవ్వుతారు. ఆనంద్ అప్పుడు, "ఇంకా మొదలవలేదండి" అన్నాడట.

వాళ్లకు సొంత పాట ఒకటే. పేరంటూ పెట్టలేదు, ఏడు లెక్క పాట అనేవారు. 'ఆవలి గట్టు కదులుతోంది, నా పడవ నిలిచి ఉంది' అని మొదలవుతుంది. చర్చిలో పాడే కీర్తనల్లో ఉండే ఏడు దెబ్బల తాళాన్ని ఆనంద్ గిటారు మీదకు తెచ్చాడు. పాట మధ్యలో మాటలు ఆగిపోయి గిటారు ఒక్కటే వినబడే భాగం ఉంటుంది. ఏడేసి దెబ్బల చుట్లు, ఇరవై నాలుగు. దాని చివర మళ్లీ మాటలు.

ఆ ఇరవై నాలుగు చుట్లలో ఒకచోట ఆనంద్ ఏడుకు బదులు ఆరు దెబ్బలే వేసి ముందుకు దూకేవాడు. ప్రతిసారీ అక్కడే, ఒక్కసారే. డ్రమ్స్ అతను ప్రతిసారీ తడబడేవాడు. రాజమండ్రిలో కాలేజీల పోటీకి రెండు వారాల ముందు తాతయ్య మిల్లు గోడ మీద సుద్దతో ఇరవై నాలుగు గడులు గీసి, అన్నింటిలోనూ ఏడు వేసి, ఇలాగే వాయించాలన్నారు. ఆనంద్, "అది తప్పు కాదురా దైవం, అక్కడ అలాగే ఉండాలి" అన్నాడు. ఎందుకుండాలో చెప్పలేకపోయాడు. తాతయ్య, "లెక్క రానివాడివి పాటెందుకు కడతావురా" అన్నారు.

ఆనంద్ తర్వాత వాదించలేదు. పోటీలో ఏడే వాయించాడు. రెండో బహుమతి వచ్చింది. నెల తిరక్కుండా ఆనంద్‌కు పచ్చకామెర్లు వచ్చాయి. ఇంట్లోవాళ్లు పసరు మందు మీద నమ్మకంతో ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకువెళ్లారు. తాతయ్య అప్పుడు వేరే ఊళ్లో పరీక్షలు రాస్తున్నారు. కబురు అంది వచ్చేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. అక్కడ ఆనంద్ చెల్లెలు సరోజినితో, "వాడి పాట నీకు ఒకసారి పూర్తిగా వినిపిస్తానమ్మా" అని మాటిచ్చారు.

మాటివ్వడం తేలిక. బ్యాండు చెదిరిపోయింది. తాతయ్యకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఊరు మారారు. గిటారు మళ్లీ ముట్టుకోలేదు. అసలు ఇబ్బంది ఆ తర్వాత తెలిసింది. పక్షవాతం తగ్గాక పాటంతా చేతికి వచ్చింది గానీ, వచ్చినదంతా తాను దిద్దినదే. ఇరవై నాలుగు చుట్లూ ఏడేసి. ఆనంద్ దూకిన చోటు ఎక్కడో గుర్తులేదు.

"చెరిపేసింది నేనే అమ్మడూ" అన్నారు నాతో. "ఇప్పుడు నేనే వెతుక్కోవాలి."

ఆనంద్ కట్టినట్టుగా ఆ పాటను అతని చెల్లెలికి వినిపించాలి. తాతయ్యకు మిగిలిన కోరిక అదొక్కటే. ఇదంతా నాకు ఆటగా ఏమీ అనిపించలేదు. యాభై ఏళ్ల కిందట చనిపోయిన మనిషికి క్షమాపణ చెప్పడం తర్కానికి నిలవదని తెలిసి కూడా నేను ఆయన వెంట వెళ్లాను.

పోయిన చలికాలంలో ఇద్దరం బస్సులో నరసాపురం వెళ్లాం. సరోజిని మామ్మగారు అదే ఇంట్లో ఉన్నారు. మేం వెళ్లేసరికి అరుగు మీద ఐదారుగురు ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు. మామ్మగారు గోడకి ఆనుకుని చూస్తున్నారు. ఏళ్ల తరబడి సూది పట్టి ఆవిడ వేళ్లు కీళ్ల దగ్గర బిగుసుకుపోయాయి. ఇప్పుడు అల్లలేరు, తప్పులు చెబుతారంతే.

తాతయ్యను చూసి గుర్తుపట్టడానికి ఆవిడకు క్షణం కూడా పట్టలేదు.

"రండి మాస్టారండీ. దారి మర్చిపోయారేమో అనుకున్నాం. ఎంత, యాభై ఏళ్లేగా."

"సిగ్గేసిందమ్మా సరోజినీ."

"ఇప్పుడు పోయిందాండి సిగ్గు?"

"పోలేదు. మోకాళ్లు పోయేలోపు వద్దామని వచ్చాను."

అల్లుతున్నవాళ్లు తలెత్తకుండానే నవ్వారు. మామ్మగారు మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి కుర్చీలు చూపించారు. తాతయ్య మేం తీసుకెళ్లిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఆవిడ పక్కన పెట్టి, కూర్చుని, ఒక్కటీ దాచకుండా చెప్పారు. సుద్దగీతలు, తనన్న మాట, తాను మర్చిపోయిన చోటు. చివర, "నీకేమైనా గుర్తుందామ్మా, వాడు ఎక్కడ దూకేవాడో?" అని అడిగారు.

"ఆ ముక్క నేనెప్పుడూ వినలేదండీ. కరెంటు గిటారు రాజుగారి మిల్లులోనే ఉండేది కదా. ఇంట్లో వాడు మాటలొక్కటే పాడుకునేవాడు." ఆవిడ పూతరేకుల డబ్బా పక్కకు జరిపి ముందుకు వంగారు. "అయితే ఆ దూకడం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. మా గుళ్లో హార్మోనియం తిత్తి చిరిగిందండి. ఒక్కోచోట గాలి చాలక చివరి దెబ్బ పలికేది కాదు. దాని కోసం ఆగితే పాట చచ్చిపోద్ది. అంచేత గుడి గుడంతా ఆ దెబ్బ వదిలేసి ముందుకెళ్లిపోయేవాళ్లం. కొత్త హార్మోనియం వచ్చాక కూడా నాలుగేళ్లు అలాగే పాడాం. పాస్టరుగారు తిట్టి తిట్టి మాన్పించారు."

తాతయ్యది పాలకొల్లు అవతల ఊరు, వేరే సంఘం. ఆయనకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"నేను వాడిది తప్పన్నానమ్మా."

"తప్పేనండి" అన్నారు మామ్మగారు. "కాకపోతే వాడొక్కడిదీ కాదు. మా అందరిదీను."

నెల తర్వాత ఆనంద్ జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామనీ, ఆ రోజు వచ్చి వాయించమనీ చెప్పారు. "నేను ఇంకో కూడికకు ఉంటానో లేదో. పూర్తిగా వాయించండి. మీకెంత వస్తే అంతే పూర్తి అనుకుంటాను."

ఇంటికి వచ్చాక మేం పద్ధతిగా వెతికాం. నోటుపుస్తకంలో ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు వేశాను. రోజుకొక చుట్టు చొప్పున, ఆ చుట్టులో ఆరు, మిగతావాటిలో ఏడు పెట్టి ఆయన వాయించాలి. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాలి. వాయించాక ఆయన తీర్పు చెబితే రాసుకోవాలి. ఐదు దగ్గర 'కావచ్చు' అన్నారు. తొమ్మిది దగ్గరా అదే మాట. ఇరవై దగ్గర చాలాసేపు ఊగిసలాడారు. పదిహేడు దగ్గర నా చేతిరాతతో స్పష్టంగా 'కాదు' అని ఉంది. ఈ సంగతి నా పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇది తర్వాత జరిగినదానికి వ్యతిరేక సాక్ష్యం.

ఇరవై నాలుగూ అయిపోయాయి. ఏదీ తేలలేదు. ఐదో తొమ్మిదో ఒకటి ఎంచుకుని వాయించేద్దామని నేనే అన్నాను. సంతోషపడేది ఆవిడే కదా అన్నాను. నేను అనదగ్గ మాట కాదు గానీ, ఆయన అలసట చూడలేకపోయాను.

"తెలీనిది తెలిసినట్టు వాయించమంటావేంటి?" అన్నారు. "అప్పుడొక తప్పు చేశాను. ఇది రెండోది అవుద్ది. ఏడే వాయిస్తాను. దొరకలేదని సరోజినికి చెప్పేస్తాను."

ఆ మాట మామ్మగారికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. పాటలో ఎక్కడో ఒక దెబ్బ తక్కువ ఉండేదని ఆ కూడికకు వచ్చినవాళ్లలో మా ముగ్గురికే తెలుసు.

కూడిక మధ్యాహ్నం మూడున్నరకు. వీధిలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. చర్చివాళ్లు పదిహేను మంది దాకా ఉంటారు. మిగతావాళ్లు లేసు పనికి వచ్చే ఆడవాళ్లు, వీధిలోని హిందూ కుటుంబాలు, మామ్మగారి ఇంటి కొత్తకోడలు, అంటే మనవడి భార్య. ఆ అమ్మాయిది వరంగల్ వైపు, వచ్చి మూడు నెలలే అయింది. ఒకప్పుడు గిటారును గుమ్మం దాటనివ్వని ఆ చర్చిలో ఇప్పుడు ప్రతి ఆదివారం గిటారు, కీబోర్డు, డ్రమ్ ప్యాడ్ అన్నీ ఉన్నాయట. ఆ స్పీకరుకే తాతయ్య గిటారు కలిపారు. అట్ట కొయ్యనక్కర్లేకుండానే చిరిగిన శబ్దం వచ్చే చిన్న పెట్టె ఒకటి చర్చి కుర్రాళ్లు తెచ్చారు. తాతయ్య దాన్ని తిప్పి తిప్పి చూసి కింద పెట్టారు.

ప్రార్థన, వాక్యం అయ్యాయి. పాస్టరుగారు, ముప్పై ఏళ్లుంటాయేమో, జనానికి చప్పట్లు నేర్పించారు. ఏడు దెబ్బల్లో రెండే చప్పట్లు: ఒకటి దగ్గర, నాలుగు దగ్గర. రెండు నిమిషాల్లో అందరికీ పట్టుబడింది. ఫోన్ను ఎదురింటి కిటికీలో, అందరూ కనబడేలా నిలబెట్టి, వీడియో నొక్కి వచ్చి నేను మూడో వరసలో కూర్చున్నాను.

తాతయ్య నెమ్మదిగా మొదలుపెట్టారు. వేళ్లకున్న వేగం అంతే. మాటలు సన్నగా, తడబడకుండా పాడారు. తర్వాత గిటారు ఒక్కటే. చప్పట్లు నిలకడగా పడుతున్నాయి. నేను అలవాటుగా చుట్లు లెక్కపెడుతున్నాను. పది. పన్నెండు. పదిహేను.

పదిహేడో చుట్టు చివర, ఏడో దెబ్బ ఇంకా మిగిలి ఉండగానే, చప్పట్లు పడ్డాయి.

ముందు ఒకరివి, తర్వాత మరొకరివి కాదు. అన్నీ కలిసి, ఒకే శబ్దంగా. తర్వాతి చుట్టు మొదటి దెబ్బను ఒక దెబ్బ ముందుకు లాగేసినట్టు. వెంటనే మళ్లీ ఏడు, ఎప్పటిలాగే. ఏడో దెబ్బ వేయబోతున్న తాతయ్య చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆయన తల ఎత్తి జనాన్ని చూశారు. రెండు చుట్లు ఆయన వాయించలేదు. చప్పట్లు మాత్రం ఆగలేదు. మూడో చుట్టు మొదట్లో వాళ్లను అందుకున్నారు. మిగతా పాటంతా కళ్లు మూసుకునే వాయించారు.

పూర్తయ్యాక మామ్మగారి దగ్గరకు వెళ్లి, వంగి, "ఇక్కడే అమ్మా. వాడు దూకింది ఇక్కడే" అన్నారు. ఆవిడ ఆయన చేతిని తన బిగిసిన వేళ్లతో పట్టుకున్నారు. ఎంతోసేపు వదల్లేదు. మాటిచ్చిన పాట అలా పూర్తయింది.

మిగిలినవాళ్లకు అందులో వింత కనబడలేదు. టీ తాగుతూ అడిగాను. అందరిదీ ఒకటే సమాధానం, తాతగారు అలా వాయించారు కాబట్టి మేమూ అలా కొట్టామని. కొత్తకోడలు మాత్రం కొంచెం తటపటాయించింది. "ఏమోనండి, చేతులు అట్లనే పడ్డయి" అంది.

బస్సులో తాతయ్య కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నేను మనసులోనే విచారణ మొదలుపెట్టాను. ఇంటికి చేరాక వీడియో వేగం బాగా తగ్గించి చూశాను. తర్వాతి రెండు వారాలు దానితోనే గడిచాయి.

తాతయ్య తప్పు వాయిస్తే జనం అనుసరించారన్నది మొదటి అనుమానం. వీడియోలో చప్పట్లు ముందు, ఆయన తడబాటు తర్వాత.

ఎవరో ఒకరు నడిపించి ఉండాలి. పాస్టరుగారు ఆ సమయంలో వంగి, రెండు చేతులతో మైకు స్టాండు మర బిగిస్తున్నారు. మామ్మగారి చేతులు మొదటినుంచి చివరిదాకా ఒడిలోనే ఉన్నాయి. ఆవిడ చప్పట్లు కొట్టలేరు.

జనం చప్పట్లు కొడుతూ కొడుతూ తెలియకుండా వేగం పెంచుతారు, నిజమే. అది కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఒకేచోట సరిగ్గా ఒక దెబ్బ దూకి, మరుక్షణం పాత వేగానికి రాదు.

అన్నింటికన్నా బలమైనది హార్మోనియం. ఆ చర్చివాళ్లకు ఒక దెబ్బ వదిలే అలవాటు తరాలుగా ఎక్కడో మిగిలి ఉండొచ్చు. దీన్ని నేను చాలా ఇష్టపడ్డాను. కానీ ఆ హార్మోనియం కాలం మనుషులు ఆ కుర్చీల్లో ముగ్గురే ఉన్నారు. సగం మంది ఆ చర్చిలో ఎప్పుడూ అడుగుపెట్టనివాళ్లు. వరంగల్ అమ్మాయికి ఆ అలవాటు ఎలా వస్తుంది? పోనీ అలవాటే అనుకుందాం. ఇరవై నాలుగు చుట్లుండగా పదిహేడోదే ఎందుకు?

తాతయ్య అంతకుముందు ఇంట్లో వాయించిన, అన్నీ ఏడేసిగా ఉన్న రికార్డింగు నా ఫోన్లో ఉంది. నేను పాఠం చెప్పే కాలేజీలో రెండు క్లాసుల పిల్లలకు అదే చప్పట్ల పద్ధతి నేర్పి, అది వినిపించాను. పదిహేడు దగ్గర ఒక్కరి చెయ్యి కూడా ముందు పడలేదు. లెక్చరర్ పాఠం మానేసి చప్పట్లు కొట్టిస్తోందని ప్రిన్సిపాల్ గారు పిలిచి అడిగారు.

నా పక్షానికి పనికొచ్చేదీ ఒకటి చెప్పాలి. పదిహేడు కాదని తాతయ్యే అంతకుముందు తేల్చారు. అందుచేత, ఆనంద్ దూకింది అక్కడేనని ఆయన తర్వాత గుర్తుపట్టడాన్ని రుజువుగా తీసుకోను. గుర్తుపట్టాలని అంతగా కోరుకునే మనిషి ఏ చోటునైనా గుర్తుపడతాడు. ఆయనతో ఈ మాట అన్నాను కూడా. "అనుమానించవే, నీ పని అది" అన్నారు. ఆయనకు కోపం రాలేదు. ఆ నెలలో ఆయనకు దేనిమీదా కోపం రాలేదు. ఇప్పుడు రోజూ ఆ పాట వాయిస్తున్నారు, పదిహేడు దగ్గర ఆరు పెట్టి. కూడిక ముందు కోల్పోయిన నిద్ర కూడా తిరిగి వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే నా పక్షానికి ఒక దారి మిగిలేది. ముప్పై మంది ఏంచేశారో నాకు లోపలినుంచి తెలియదు కదా, ఏదో నాకు అందని కారణం ఉండి ఉంటుందని అనుకునేదాన్ని. చివరి సాక్షిని వీడియోలో గమనించడానికి నాకు పద్నాలుగు రోజులు పట్టింది. మూడో వరసలో, ఎడమనుంచి నాలుగో కుర్చీలో ఉన్నది నేనే. పదిహేడో చుట్టు చివర నా చేతులు కూడా ముందే కలిశాయి. నా పక్కవాళ్ల కన్నా ఆలస్యంగా కాదు. వాళ్లతోపాటే.

ఆ పాటను నాకన్నా ఎక్కువసార్లు విన్నవాళ్లు అక్కడ తాతయ్య తప్ప ఎవరూ లేరు. ఏడు వస్తుందని నాకన్నా గట్టిగా తెలిసినవాళ్లూ లేరు. ఆ క్షణంలో నేను లెక్కపెడుతున్నాను. లెక్కలో ఇంకొకటి మిగిలి ఉందని తెలుస్తూనే ఉంది. చప్పట్లు కొట్టాలని నేను అనుకోలేదు, ఎవరినీ చూడలేదు, ఏ భయమూ లేదు. చేతుల్లో ఏదో తేడా జరిగిందన్న స్పృహ కూడా లేదు. ఆ రోజు నన్ను ఎవరైనా అడిగి ఉంటే, నేను సరిగ్గానే కొట్టానని ప్రమాణం చేసేదాన్ని.

వీడియో తీసుకెళ్లి తాతయ్యకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, తెరను దగ్గరగా పట్టుకుని, నా చేతులనే మూడుసార్లు చూశారు. తర్వాత నావైపు తిరిగి, పక్కపిల్ల పేపరులోని సమాధానమే రాసిన పిల్లను నిలబెట్టి అడిగినట్టు, చాలా నెమ్మదిగా అడిగారు.

"నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు తాతయ్యా" అన్నాను.

అది నిజం. అంతకుమించి నాకు తెలిసింది ఏమీ లేదు.